తయారుచేసిన ప్రాతదనము

గడియారముల అంగడిలో అద్దపుపెట్టె యందు రెండు చేతిగడియారములను ప్రక్కప్రక్కన ఉంచినారని అనుకొందము. రెండింటి డయలును నల్లనిదే. రెండింటి అంకెలును ముళ్లును మీగడవన్నె పూతతో నిండియున్నవి. రెండింటి అద్దమును నడుమ కొంచెము ఉబ్బియున్నది. ఒకటి 1950 ప్రాంతమున స్విట్జర్లాండులోని జూరా కొండల నడుమ పుట్టి, ఎందరి మణికట్టుల మీదనో తిరిగి, ఇన్నేండ్లకు ఇక్కడికి చేరినది. రెండవది అదే కొండల నడుమ నిరుడు తయారై, మొన్ననే పెట్టెనుండి బయటపడినది. నాలుగడుగుల ఎడమునుండి చూచువానికి ఈ రెండును కవలలే. కాని ఆ మీగడవన్నె నొక్కదానినే పట్టుకొని, అది ఆ అంకెల మీదికి ఎట్లు వచ్చినదని విచారింప మొదలిడితిమేని, ఈ కవలలకు చుట్టరికమే లేదని తేలిపోవును.

మొదటిదాని అంకెలపై నున్నది రేడియము లవణమును, లేశమాత్రముగా రాగి కలిసిన జింకు సల్ఫైడును వార్నీషులో నూరి చేసిన రంగు. రేడియము పరమాణువు విచ్ఛిన్నమగునపుడు వెలువడు ఆల్ఫా కణము జింకు సల్ఫైడు స్ఫటికమును తాకును; ఆ తాకిడిలోని శక్తిని ఆ స్ఫటికము పచ్చని వెలుగుగా మార్చి విడుచును. దీనికి పగటియెండ పట్టింపనక్కరలేదు, దీపము చూపనక్కరలేదు. పూసిన గడియనుండి రాత్రింబగళ్లు అది తనంత తానే వెలుగుచుండును. మొదటి ప్రపంచయుద్ధమున కందకములలో కాచియుండి, వేళ తెలిసికొనుటకు అగ్గిపుల్ల గీచినచో శత్రువు తుపాకికి తన్ను తానే చూపుకొన్నట్లగునని వెఱచు సైనికునకు ఇది గొప్ప యుపకారమే. ఆ యుపకారమునకు వెల చెల్లించినవారు వేఱు. న్యూజెర్సీలోని ఆరెంజి పట్టణమున ఈ రంగును అంకెలపై దిద్దుటకు కుదిరిన యువతులు, కుంచెమొన సన్నముగా నిలుచుటకై దానిని పెదవుల నడుమ తీర్చుకొనుచుండిరి. అందువలన అపాయమేమియు లేదని వారు నమ్మింపబడిరి. కొన్నియేండ్లకే వారి దవడయెముకలు కుళ్లసాగెను, ఎందరో మరణించిరి. గ్రేస్ ఫ్రైయరు మొదలగు ఐదుగురు స్త్రీలు వేసిన దావా 1928లో రాజీమీద ముగిసెను; పనివలన వచ్చిన రోగమునకు యజమాని బాధ్యుడనెడి భావము అమెరికాలో బలపడుటకు ఆ దావా చాల తోడ్పడినది.

రేడియము యొక్క అర్ధజీవితకాలము 1600 సంవత్సరములు. అనగా 1950లో పూసిన రేడియములో నేటికి తరిగినది నూటికి మూడుపాళ్ల పైచిలుకు మాత్రమే. అయినను అట్టి గడియారమును చీకటిగదిలోనికి కొనిపోయి చూచినచో సాధారణముగా ఏమియు కనబడదు. చెడిపోయినది జింకు సల్ఫైడు. ఎడతెగని ఆల్ఫా కణముల దెబ్బలకు దాని స్ఫటికములోని అల్లిక చెదిరి, వెలుగునిచ్చు శక్తి కొన్ని పదుల సంవత్సరములలో నశించును. చుట్టునున్న వార్నీషును ఆ దెబ్బలకే ముదిరి, మొదట మీగడవన్నెకును, అటుపై తేనెవన్నెకును తిరుగును. కొన్ని గడియారములలో ఇంకను చిత్రమైన గుర్తు కనబడును. బీరువాలో పడి ఏండ్ల తరబడి ఆగిపోయియున్న గడియారపు ముళ్లలోని రేడియము, తనకు దిగువనున్న డయలు భాగమును మెల్లమెల్లగా మాడ్చివేయగా, ముళ్లను కదిపిన పిమ్మట వాని ఆకారము గోధుమవన్నె నీడయై డయలుపై నిలిచిపోవును. ఆ గడియారము ఏ వేళకు ఆగినదో చెప్పు సాక్ష్యము అది. దానిని ఏ చిత్రకారుడును ముందుగా ఊహించి గీయలేదు. రేడియోధార్మికతను పసిగట్టు గైగరు కౌంటరును దగ్గరకు చేర్చినచో నేటికిని చిటచిటమని పలుకును. కనుకనే ఇట్టి గడియారపు అద్దమును ఇంట కూర్చుండి విప్పి, ఎండిన రంగుపొడిని గాలిలోనికి ఎగురనిచ్చుట బుద్ధిమంతులు చేయవలసిన పని కాదు.

1960 తరువాత రేడియమును క్రమముగా తొలగించి, దాని స్థానమున ట్రిటియమును ప్రవేశపెట్టిరి. ఇది ఉదజనిలో ఒక బరువైన రకము. ఇది వెలువరించు బీటా కణము మిక్కిలి బలహీనమగుటచే గడియారపు అద్దమును దాటి రాజాలదు. దీని అర్ధజీవితకాలము 12.3 సంవత్సరములే గనుక, యాబది యేండ్లలో ఇది మొదటి మొత్తములో పదునాఱవ వంతునకు దిగిపోవును. డయలు అడుగున, తయారైన దేశము పేరునకు అటునిటు కనబడు చిన్న ‘టి’ అక్షరములు దీనికి గుర్తులు. పిమ్మట 1993 ప్రాంతమున జపానులోని నెమోటో సంస్థవారు, స్ట్రాన్షియము అల్యూమినేటు స్ఫటికమున యూరోపియము, డిస్ప్రోసియము అను మూలకములను లేశముగా చేర్చి, పగటివెలుగును పీల్చుకొని రాత్రి మెల్లమెల్లగా విడుచు రంగును కనిపెట్టిరి. ఇందులో రేడియోధార్మికత లేదు. దీని వెలుగు, జింకు సల్ఫైడుతో చేసిన అదివరకటి ఎండపట్టు రంగుల వెలుగుకంటె ఎన్నో రెట్లు ప్రకాశవంతము, ఎన్నో రెట్లు దీర్ఘము. కుంచె పట్టిన ఏ యువతి దవడకును ముప్పు తేని ఈ రంగు నిజమైన నూతన కల్పన యనుటకు నాకు సందేహము లేదు. గడియారము ధరించినవారిలో దాని పేరెరిగినవారు వేయింటికి ఒకరుందురో లేదో.

ఇప్పుడు మన రెండవ గడియారము మాట. దాని అంకెలపై నున్నది ఈ స్ట్రాన్షియము పూతయే. సహజముగా అది తెల్లగానో, ఇంచుక పచ్చగానో ఉండవలసినది. కాని కొనువారికి డెబ్బదియేండ్ల గడియారము చూచిన తృప్తి కలుగవలెనని దానిలో ముందుగానే మీగడవన్నె వర్ణకము కలిపి పూసినారు. వర్ణకము తన స్వభావము చొప్పున వెలుగులో కొంతభాగమును మ్రింగును. అందుచేత వన్నె కలిపిన పూత, కలుపని పూతకంటె తక్కువగా వెలుగును. చీకటిలో వేళ చూపుటకై పుట్టిన రంగు, చీకటిలో చేయవలసిన పనిని కొంత వదలుకొని, పగటిపూట ముసలిదిగా కనబడుటకు వినియోగపడుచున్నది. దీనిని వేళాకోళమునకు చెప్పుట లేదు. అసలు ప్రాతగడియారమును, ప్రాతవేషము వేసిన గడియారమును, క్రొత్తగా ఏదో సాధించిన గడియారమును వేఱుచేయుటకు ఇంతకంటె సులువైన కొలబద్ద నాకు దొరకలేదు: ఒక లక్షణము కంటబడినపుడు అది ఏ అవసరమునకు జవాబుగా పుట్టినదని మొదట అడుగవలెను, ఆ అవసరము ఇంకను ఉన్నదా యని పిమ్మట అడుగవలెను.

ఈ ప్రశ్నలను చేతబట్టి ప్రాతగడియారముల అందములను విప్పిచూచినచో, వానిలో అందమునకై చేసినది ఆశ్చర్యము కలిగించునంత కొంచెము. మూత తీసినంతనే కన్నులను లాగు నీలపు మరలనే తీసికొందము. పాలిషు పెట్టిన ఉక్కుమరను ఇత్తడిపొడి మీద నిలిపి మెల్లగా వేడిచేయగా, దానిపై అతి పలుచని ఆక్సైడు పొర యొకటి ఏర్పడి పెరుగుచుండును. పొర మందమును బట్టి, సబ్బుబుడగపై వన్నెలు పుట్టించు కాంతితరంగముల కలయికచేతనే, మొదట గడ్డివన్నె, పిమ్మట గోధుమవన్నె, ఊదా దాటి, 300 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమున నిండునీలము వచ్చును. ఇంచుక ఆలస్యమైనచో ఆ నీలము వెలిసి బూడిదవన్నెకు తిరిగిపోవును, పనివాడు మరల మొదటినుండి పాలిషు పట్టవలెను. పెళుసైన ఉక్కునకు కొంత సాగుడుగుణము తెచ్చుట, తుప్పునుండి కొంత కాచుట ఈ వేడిమికి అసలు ప్రయోజనములు. చవుకరకపు వేషధారి గడియారములలో ఇదే నీలమును రసాయనపు తొట్టిలో ముంచి తీయుదురు. భూతద్దము క్రింద గడియారమును అటునిటు త్రిప్పుచు చూడుడు: నిప్పుమీద కాచిన మర ఒక కోణమున నల్లగా నుండి, మరియొక కోణమున చటుక్కున నీలమై మెఱయును; తొట్టిలో ముంచినది ఎటు త్రిప్పినను ఒకే మందకొడి నీలముగా నుండును.

ఉబ్బెత్తు అద్దమునకును ఇట్టి కారణమే కలదు. అది ఆక్రిలిక్, పగులదు, కాని గీతలు పడును, వంపు తిరిగియున్నపుడే దానికి బలమెక్కువ. 1902లో వెర్నాయి అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ప్రకటించిన పద్ధతిచే కృత్రిమ కెంపులు, నీలములు చవుకగా తయారగుట మొదలుపెట్టి గడియారములోని ఇరుసులకు జ్యువెల్సుగా అమరినవి గాని, అంత కఠినమైన రాతిని పలుచని పలకగా కోసి అద్దముగా బిగించుట సామాన్యమగుటకు చాలకాలము పట్టినది. నేటి వేషధారి గడియారమున, వజ్రముతో తప్ప అరుగని నీలమణి స్ఫటికమును ఎంతో శ్రమకోర్చి ఆక్రిలిక్ వలె ఉబ్బునట్లు సానపట్టుచున్నారు. బలహీనమైన పదార్థము విధిలేక తాల్చిన రూపమును బలమైన పదార్థమునకు ఖర్చుపెట్టి తొడుగుట! విమానపు గడియారములలోని ఉల్లిగడ్డ వంటి పెద్ద కీబొత్తము చలికి తొడిగిన మందపు చేతొడుగులకై పుట్టినది. వెచ్చని ఆఫీసుగదిలో అది ముంజేతికి గుచ్చుకొనుటకు తప్ప మరెందులకును పనికిరాదు.

ఈ వరుసలో అన్నింటికంటె ఖరీదైన ఉదాహరణము టూర్బియాన్. బ్రెగే అను మహాశిల్పి 1801లో పారిసున దీనికి పేటెంటు పొందెను. ఆనాటి గడియారము కోటుజేబులో దినమంతయు నిలువుగా ఒకే తీరున వ్రేలాడుచుండును. అటునిటు ఊగుచు వేళను కొలుచు బాలెన్సు చక్రపు బరువు ఏ కొంచెము ఒకప్రక్కకు మొగ్గియున్నను, భూమ్యాకర్షణచే ఆ దోషము దినమంతయు ఒకే దిక్కున కూడుచు పోవును. బాలెన్సును, దాని ఊపుకొక పన్ను చొప్పున చక్రములను విడుచు ఎస్కేప్‌మెంటును ఒక పంజరములో నుంచి ఆ పంజరమునే నిమిషమునకొకసారి త్రిప్పినచో ఆ దోషము అన్ని దిక్కులకు పంచబడి తనలో తానే చల్లారును. గొప్ప ఊహ, ఆ కాలమున, ఆ జేబులో, గొప్ప ఉపాయము. కాని మణికట్టున నున్న గడియారమును చేయియే నిమిషమునకు పదిసార్లు త్రిప్పుచుండును. నేడు డయలునకు కిటికీ కోసి మరీ చూపు టూర్బియానులు వేళ కచ్చితము కొరకు పెట్టినవి కావు. పనివాని చేతినేర్పునకు అవి నిదర్శనములే. ఆ నేర్పును నేను తక్కువ చేయను. వానిని నూతన కల్పనల పట్టీలో వ్రాయుటకు మాత్రము ఒప్పుకొనను.

మరి నిజమైన కల్పన యేది? గడియారమనగా సమానమైన కాలవ్యవధిలో ఊగు వస్తువొకటి, ఆ యూపులను లెక్కించు యంత్రమొకటి. అంతకంటె ఏమియు లేదు. హైగెన్సు 1656లో లోలకమును, 1675లో బాలెన్సు చక్రమునకు చుట్టుస్ప్రింగును తగిలించిన పిమ్మట మూడు శతాబ్దములు జరిగినదంతయు ఆ యూపును చెడగొట్టు శత్రువులతో పోరాటమే. అందులో వేడిమి ముఖ్యశత్రువు. ఉక్కు స్ప్రింగు, ఇత్తడి చక్రము గల గడియారము ఒక్క డిగ్రీ సెంటిగ్రేడు వేడిమి పెరిగినంతనే దినమునకు పదిసెకన్లకు పైగా వెనుకబడును; పొద్దున చల్లగా, మధ్యాహ్నము మండుచు నుండు మన వేసవిలో అట్టిదాని గతి ఊహించుకొనవచ్చును. ఉక్కు ఇత్తడి రెండుపొరలు అతికి, చుట్టును చిన్న చిన్న మరలు గ్రుచ్చి, రెండుచోట్ల తెగ్గోసిన చిత్రమైన బాలెన్సు చక్రము దీనికి విరుగుడుగా పుట్టి, చూపరులకు నేటికిని ముచ్చట గొలుపుచున్నది. ఆ ముచ్చటను ఒక్క లోహముతో అనవసరము చేసినవాడు షార్ల్ ఎద్వార్ గీయోమ్. 1896లో ఇన్వారును, పిమ్మట ఎలిన్వారును కనిపెట్టి, వేడిమికి దాదాపు చలింపని నికెలు ఉక్కులను లోకమునకిచ్చి, 1920లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమానము పొందెను. ఆయన స్ప్రింగు పెట్టిన గడియారమును బయటినుండి చూచి ఎవరును గుర్తింపలేరు.

తరువాతి అంచె ఊపుల సంఖ్య పెంచుట. ప్రాత చేతిగడియారపు బాలెన్సు సాధారణముగా గంటకు 18,000 మార్లు కొట్టుకొనును. అనగా క్షణమునకు ఐదు, దినమునకు 4,32,000. అందులో దినమునకు పదిసెకన్ల తప్పు వచ్చినదన్నచో, ప్రతి 8,640 పాళ్లకు ఒక్కపాలు దోషమన్నమాట. నూనెతో తడిసి, చేతిమీద ఎగిరిపడుచుండు ఇంత చిన్న చక్రమునకు ఇది సామాన్యమైన ఘనత కాదు. 1960లో బులోవా కంపెనీ, మాక్స్ హెట్జెల్ కల్పనచే, బాలెన్సును తీసివేసి క్షణమునకు 360 మార్లు కంపించు శృతిదండమును పెట్టి అక్యుట్రాన్ గడియారమును వెలువరించెను. అది టిక్కుమనదు, సన్నగా తుమ్మెదవలె పాడును. 1969 డిసెంబరు 25న టోక్యోలో సీకో సంస్థ అమ్మకమునకు పెట్టిన క్వార్ట్జ్ ఆస్ట్రాన్ దానినికూడ మూలకు నెట్టినది. 1880లో క్యూరీ సోదరులు కనుగొన్న ధర్మము చొప్పున, స్ఫటికమును విద్యుత్తుతో తట్టిన అది కంపించును, కంపించిన అది విద్యుత్తునిచ్చును. ఆస్ట్రానులోని స్ఫటికము క్షణమునకు 8,192 మార్లు కంపించెను. నెలకు ఐదుసెకన్ల తప్పు. వెల 4,50,000 యెన్లు. నేడు నూరురూపాయల గడియారములో సైతముండు చిన్న శృతిదండపు స్ఫటికము 32,768 మార్లు కంపించును. ఈ సంఖ్య యాదృచ్ఛికము కాదు. దానిని పదునైదుమార్లు సగము చేయగా సరిగా ఒకటి మిగులును. సగము చేయుట ఎలెక్ట్రానిక్ మీటలకు మిక్కిలి సులువైన లెక్క. చెవికి వినబడు ధ్వనులకంటె పైన, బాటరీని త్వరగా త్రాగివేయు వేగములకంటె క్రింద నుండు సంఖ్య అది.

స్విట్జర్లాండువారికి ఈ విద్య తెలియక కాదు. నూషాతెల్‌లోని వారి ఎలెక్ట్రానిక్ గడియార పరిశోధనాలయము 1967 నాటికే క్వార్ట్జ్ చేతిగడియారపు నమూనాలు చేసినది. కాని వేయి కర్మాగారములు చక్రములు కోయుచు సుఖముగా నున్నపుడు చక్రములక్కరలేని గడియారమును ఎవరు ఆదరింతురు? ఫలితముగా 1970 ప్రాంతమున దాదాపు 90,000 మందికి అన్నము పెట్టిన పరిశ్రమ పదునైదేండ్లలో మూడవవంతు ప్రాంతమునకు కుదించుకొనిపోయెను. లే లోక్ల్ పట్టణములో జెనిత్ కంపెనీ అమెరికా యజమానులు 1975లో యంత్రగడియారముల పనిముట్లను పారవేయ నాజ్ఞాపింపగా, షార్ల్ వెర్మో అను పనివాడు ఎల్ ప్రిమేరో అను ప్రసిద్ధ యంత్రము యొక్క అచ్చులను, పనిముట్లను రహస్యముగా అటకమీద దాచెను. తొమ్మిదేండ్ల పిమ్మట ఆ కంపెనీ ఆ యంత్రమును మరల తయారుచేయుటకు అవియే దిక్కైనవి. పరిశ్రమను నిలబెట్టినవి రెండు. ఒకటి 51 భాగములతో 1983లో వచ్చిన ప్లాస్టిక్ స్వాచ్, అది క్వార్ట్జ్. రెండవది, వేళ చూపుటలో ఓడిపోయిన యంత్రగడియారమును వంశగౌరవముగా, చేతిపనిగా, జ్ఞాపకముగా అమ్మవచ్చుననెడి గ్రహింపు. నేటి ప్రాతవేషము ఈ రెండవదాని సంతానము.

ఈ వేషమునందును తరతమములు కలవు. టిస్సో కంపెనీ 2021లో పునరుద్ధరించిన పి.ఆర్.ఎక్స్. అను గడియారమునకు మాతృక 1978 నాటిది; ఆ మాతృక క్వార్ట్జ్, అనగా తన కాలమునకు అత్యాధునికము. క్రొత్తదానికి మొదట క్వార్ట్జ్ పెట్టి, పిమ్మట జనము కోరిరని దానంతటదే కీ తిరుగు స్ప్రింగు యంత్రమును పెట్టిరి; మనుమనికి తాతకంటె ప్రాతదైన గుండె అమర్చిరన్నమాట. ఒమేగావారు చేసినది వేఱు. స్పీడ్‌మాస్టరు గడియారమున 1957 నుండి 1968 వరకు నడచిన 321 అను యంత్రమును మరల తయారుచేయదలచి, 1972లో చంద్రునిపై నడచిన యూజీన్ సెర్నన్ ధరించిన గడియారమును విప్పక, వైద్యులు దేహమును పరీక్షించునట్లు టోమోగ్రఫీతో పొరపొరగా లోపలి భాగములను చిత్రించి కొలతలు తీసి, 2019లో ప్రకటించిరి. 321 క్షణమునకు ఐదుమార్లు కొట్టును. దానిని తొలగించి వచ్చిన 861 ఆరుమార్లు కొట్టెను. కనుక ఇదియు వెనుకకు వేసిన అడుగే. కాని ఏమి చేయుచున్నారో దాచలేదు, వన్నె పూసి వయస్సు నటింపలేదు. పురావస్తుశాఖవారు చేయు జీర్ణోద్ధరణకు ఇది దగ్గర.

ఇంకొక తెగ కలదు, నాకు మిక్కిలి ఇష్టమైనది: ముఖము ప్రాతది, లోపల పని క్రొత్తది. ఇంగ్లండున జార్జి డేనియల్సు ఒంటరిగా కల్పించిన కో ఆక్సియల్ ఎస్కేప్‌మెంటు, పళ్ల రాపిడిని తగ్గించి నూనె ఎండుట యను మూడువందల యేండ్ల బాధను చాలవఱకు తగ్గించినది. కంపెనీల గుమ్మములు ఎన్నో త్రొక్కిన మీదట 1999లో ఒమేగావారు దానిని చేపట్టిరి. 2001లో యులిస్ నార్డిన్ కంపెనీ ఎస్కేప్‌మెంటు చక్రములను సిలికానుతో చేసినది. కంప్యూటరు చిప్పులు చెక్కు పద్ధతినే వచ్చిన ఆ చక్రమునకు నూనె అక్కరలేదు, అయస్కాంతము అంటదు. సీకోలో అకహానె 1977లో తలపోసిన స్ప్రింగ్ డ్రైవ్ 1999లో గాని అంగడికి రాలేదు. అందులో శక్తినిచ్చునది కీ ఇచ్చిన స్ప్రింగు, వేగమును అదుపుచేయునది క్వార్ట్జ్ స్ఫటికము, బాటరీ లేదు, సెకన్ల ముల్లు ఆగి ఆగి గాక జారుచు పోవును. ఇక కాసియో కంపెనీలో కికువో ఇబె అను ఇంజనీరు మూడవ అంతస్తు కిటికీనుండి నమూనాలను నేలకు పడవేసి పడవేసి, లోపలి యంత్రమును బంతిలోపలి గాలిలో తేలినట్లు కొన్ని బిందువులచోట మాత్రమే ఆనునట్లు నిలిపి, 1983లో జి షాక్‌ను తెచ్చెను. మొరటుగా, చదరముగా, ఏ వంశగౌరవమును లేక వచ్చిన ఆ గడియారము నేడు తానే ప్రాతమోజుల జాబితాలో చేరి, దానికిని పునర్ముద్రణలు వెలువడుచున్నవి.

అసలైన ప్రాతగడియారము కొనదలచినవానికి వచ్చు చిక్కు వేఱు. నటుడు పాల్ న్యూమన్ ధరించిన రోలెక్స్ డేటోనా 2017 అక్టోబరులో న్యూయార్కు వేలములో 1 కోటి 77 లక్షల డాలర్లకు పోయినది. ఆ తీరు డయలు గల గడియారములు తమ కాలమున అంగడిలో కదలక పడియుండెడివి. ధర ఇట్లు పెరిగినచోట డయలు మార్చుట, భాగములు కలుపుట సహజముగా వచ్చును. మనదేశమున దీనిని హెచ్.ఎం.టి. గడియారములలో దగ్గరనుండి చూడవచ్చును. 1961లో బెంగుళూరున జపాను సిటిజెన్ కంపెనీ సహకారముతో మొదలైన ఆ కర్మాగారమునుండి వచ్చిన ‘జనతా’, 17 జ్యువెల్స్ గలది, రోజూ కీ ఇయ్యవలసినది, మన తెలుగునాట పెండ్లికొడుకు చేతికి అత్తవారు తొడిగిన గడియారములలో ఎన్నింటికో పేరు. 1984లో పుట్టిన టైటాన్ క్వార్ట్జ్ గడియారములతో అంగడిని ఆక్రమింపగా, హెచ్.ఎం.టి. గడియారముల సంస్థను మూసివేయుటకు 2016 జనవరిలో కేంద్రమంత్రివర్గము ఆమోదించెను. కర్మాగారము మూతపడగానే మోజు లేచినది. ముంబాయి మొదలగు చోట్ల వెలిసిన డయళ్లను గీకి, ఎఱుపు, నీలము, నారింజ, హెచ్.ఎం.టి. కలనైన అచ్చువేయని వన్నెలు పూసి, క్రొత్త అక్షరములు ముద్రించి, ‘పాత జనతా, పాత పైలట్’ అని అమ్ముట కలదు; సంగ్రాహకులు వీనిని ‘ముంబాయి స్పెషల్’ అని పరిహాసముగా పిలుతురు. ఇందు యంత్రము అసలుది, ముఖము కొత్తది, మాట అబద్ధము. భూతద్దము పెట్టినచో అక్షరముల అంచులు ఊరియుండుట, నిమిషపు గీతలు అంకెల నడిమికి సరిగా రాకపోవుట కనబడును.

అయినను ఇందులో అమ్మువానిదే తప్పని అనలేము. తాతగారి గడియారమును బాగుచేయించుటకు తెచ్చి, “డయలు కూడ కొత్తదానిలా చేసి పెట్టండి” అని అడుగువారు ఎందరో. మంచి పనివాడైనచో, లోపలిభాగములను కడిగి నూనె పెట్టి, డయలును ముట్టుకొనక, “అది అట్లే ఉండనీయండి బాబూ” అని చెప్పును. ఆ పనివాని బల్లమీద ఇప్పుడు టైంగ్రాఫర్ అను చిన్న పెట్టె కూడ కనబడును. గడియారమును దాని మైకుమీద నిలిపినచో, ఎస్కేప్‌మెంటు దెబ్బలను విని తెరమీద చుక్కల వరుసలు గీయును. వరుస పైకి వంగినచో గడియారము ముందు పోవుచున్నది, క్రిందికి వంగినచో వెనుకబడుచున్నది; రెండు దెబ్బల నడిమి ఎడములు సమానముగా లేనిచో రెండు వరుసలుగా చీలును. పూర్తిగా కీ ఇచ్చి వెల్లకిల పెట్టినపుడు బాలెన్సు ఊపు 270 డిగ్రీల ప్రాంతమున నున్నచో ఆరోగ్యము. 200కు దిగినచో నూనె ఎండినది, లేదా స్ప్రింగు బలము తప్పినది. డయలు ఎంత తళతళలాడుచున్నను దాని సంగతి ఈ పెట్టెకు తెలియదు. నలువదియేండ్లుగా నూనె చూడని ‘జనతా’ను కడిగి తెచ్చి పెట్టినపుడు చెదరిన చుక్కలు మరల ఒక్క సన్నని గీతగా కుదుటపడుటను పనివాడు చూచి, మూత బిగించి, రసీదు వ్రాయును.